జడ పొద్దున, బొమ్మ మధ్యాహ్నం

1985లో అనంతపురంలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. పాతూరులో మా పిన్ని ఇంట్లో ఉండి ఆఫీసుకు వెళ్లేదాన్ని. మొదటి జీతం అందిన సాయంత్రమే టవర్ క్లాక్ దాకా నడిచి వెళ్లి ఆయిల్ రంగుల ట్యూబులూ కుంచెలూ కొనుక్కొచ్చాను. అమ్మకు చీర తీసుకోకుండా రంగులు కొన్నానని పిన్ని నాలుగు మాటలు అంది. అన్నాక మేడ మీది రేకుల గది తాళం తీసి, పాత సామాన్లన్నీ ఒక మూలకు జరిపి, ఆదివారాలు అక్కడ వేసుకోమంది.

ఆ రోజుల్లో నా బొమ్మలన్నీ పెద్దవి. గాడా గుడ్డను చెక్క చట్రానికి మేకులతో బిగించి, తెల్లరంగు పూసి ఆరబెట్టి, ఎదురుగా నిలబడి వేసేదాన్ని. భుజం నుంచి చెయ్యి కదిలితేనే గీతకు ప్రాణం వస్తుందని మా హైస్కూలు డ్రాయింగు మాస్టారు చెప్పేవారు. వేరుశనగ కోతలయ్యాక పొలాల్లో వేసిన కట్టె వాములు, నీళ్లు లేని పెన్నా ఇసుక, సాయంత్రపు ఎండలో ఎర్రబారిన గుట్టలు, ఇవే నా బొమ్మలు. ఏడాదికి ఐదారు వందల మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే సీమ మాది. ఆకుపచ్చ ట్యూబు ఎప్పుడూ మిగిలేది, ఎరుపూ పసుపూ ముందు అయిపోయేవి.

1987లో పెళ్లయింది. ఆయన ఆర్టీసీలో కండక్టరు. 1990లో పాప పుట్టింది. మరుసటి ఏడాది ఊళ్లోని కొందరు చిత్రకారులు ఒక ప్రదర్శన పెడుతూ నా బొమ్మలూ అడిగి తీసుకున్నారు. ఎవరో తెలియని మనిషి నా పెన్నా ఇసుక బొమ్మను డబ్బిచ్చి కొనుక్కువెళ్లారు. చంటిపిల్ల, ఉద్యోగం, ఇంటిపని, బొమ్మలు అన్నీ ఎలా చేస్తున్నావని అప్పుడెవరైనా అడిగితే నవ్వేదాన్ని. ఒంట్లో సత్తువ ఉంది, చేస్తున్నాను, అంతే.

1993 చలికాలంలో మొదలైంది. పొద్దున నిద్ర లేచేసరికి వేళ్లు వంగేవి కావు. రెండు చేతులూ ఒకే తీరుగా, కణుపుల దగ్గర వాచి వెచ్చగా ఉండేవి. కుళాయి తిప్పలేను. పాలగిన్నె దించలేను. మూడేళ్ల పాప గౌను పట్టుకుని ఎదురుగా నిలబడితే గుండీ పెట్టలేను. ఆఫీసులో ఫైళ్లకు ట్యాగులు బిగించి బిగించి వచ్చిన నొప్పి అనుకున్నాం. మా అత్తమ్మ కళ్యాణదుర్గం వైపు పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. వావిలాకు వేసి నీళ్లు మరిగించి కాపడం పెట్టింది. ఆ వేడికి కాసేపు హాయిగా ఉండేది, తెల్లవారితే మళ్లీ మామూలే. అయితే పదకొండు, పన్నెండు గంటలయ్యేసరికి వేళ్లు వాటంతట అవే సడలేవి. మధ్యాహ్నం నన్ను చూసినవాళ్లకు నేను ఆరోగ్యంగా ఉన్న మనిషిని. ఆలస్యంగా వచ్చినందుకు పొద్దున నేను చెప్పిన కారణం మధ్యాహ్నానికి వాళ్లకు అబద్ధంగా కనిపించేది.

కొన్ని నెలలు నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చి బెంగళూరు వెళ్లాం. రక్తపరీక్షలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఉందని తేలింది. వయసుతో అరిగే కీళ్లనొప్పి వేరు, ఈ రుమటాయిడ్ ఆర్థరైటిస్ వేరు అని డాక్టరుగారు ఒక కాగితం మీద కీలు బొమ్మ గీసి చూపించారు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే దారి తప్పి కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర వాచి, మందమెక్కి, పట్టించుకోకపోతే మెల్లగా మృదులాస్థినీ ఎముకనూ తినేస్తుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. పూర్తిగా పోయే జబ్బు కాదు, అణచి ఉంచదగిన జబ్బు. పొద్దున పూట గంటకు మించి కీళ్లు బిగుసుకుపోవడమే దీని ముఖ్యమైన గుర్తు అని, వాపును రేపే రసాయనాలు తెల్లవారుజామున ఒంట్లో ఎక్కువగా ఉంటాయని కూడా ఆయనే చెప్పారు. నాకు ఆ మాట ఎంతో ధైర్యమిచ్చింది. నేను అబద్ధమాడటం లేదని ఒక పెద్దమనిషి చెప్పినట్టయింది. ఆయన గీసిన బొమ్మ కూడా చక్కగా ఉంది. అడిగి తెచ్చుకున్నాను.

మెథోట్రెక్సేట్ రాశారు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుందని ఆయన నాకూ, మా ఆయనకూ విడివిడిగా చెప్పారు. దాని చెడు తగ్గడానికి మరో రోజు ఫోలిక్ యాసిడ్. కాలేయం, రక్తకణాలు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి తరచూ రక్తపరీక్షలు. అందరూ శనివారం రాత్రి వేసుకోమన్నారు. మరునాడు సెలవు కాబట్టి వికారంగా ఉన్నా పడుకోవచ్చన్నారు. అలాగే చేశాను. ఆదివారమంతా కడుపులో తిప్పడం, నోట్లో తుప్పు రుచి. టర్పెంటైన్ వాసన తగిలితే చాలు, లేచి బయటికి పరుగెత్తాల్సి వచ్చేది. నెలల తరబడి కుంచె ముట్టలేదు. సోమవారానికి తేరుకుని ఆఫీసుకు వెళ్లేదాన్ని. అంటే వారంలో నా ఒంట్లో మిగిలిన మంచి గంటలన్నీ ఆఫీసుకు పోతున్నాయి, చెడ్డరోజు మాత్రం ఇంటికీ బొమ్మకూ మిగులుతోంది.

తరువాత బెంగళూరు వెళ్లినప్పుడు, మందు మంగళవారానికి మార్చుకోవచ్చా అని అడిగాను. మారిన రోజునే ఇక ఖాయంగా పాటించాలన్న షరతు మీద ఒప్పుకుని, ఎలా మార్చుకోవాలో చెప్పారు. ఆ నాటి నుంచి బుధవారాలు సీట్లో నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చునేదాన్ని. జీతమిచ్చే చోటికి నీరసాన్ని మోసుకెళ్లి సొంత సరదాకు సత్తువ దాచుకుంటున్నానని ఒకరిద్దరు అన్నారు. ఆ మాట నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఆఫీసుకు వారంలో ఆరు రోజులు ఇచ్చాను. ఆ ఆరింటిలో ఒకటి జబ్బుది కావడంలో అన్యాయమేమీ లేదు.

ఈ మందు వాడుతూ గర్భం దాల్చకూడదు. కొన్ని నెలల ముందే ఆపేయాలి. ఆపితే కీళ్లు మళ్లీ రగిలిపోవచ్చు. మగపిల్లాడు కావాలని అత్తమ్మకు గట్టి కోరిక. ఆ రోజుల్లో మా ఇళ్లలో ఆ కోరిక లేని అత్తగారు ఎవరున్నారు? ఒక రాత్రి భోజనాల దగ్గర ఆ మాట మళ్లీ వచ్చింది. ఆయన కంచంలోంచి చెయ్యి తీయకుండానే, "అమ్మా, మాకు ఒక్క పాప చాలు. ఇంకోసారి ఈ మాట ఆమె దగ్గర ఎత్తొద్దు" అన్నారు. అత్తమ్మ కొంతకాలం మా ఇద్దరితోనూ సరిగా మాట్లాడలేదు. కానీ తెల్లవారుజామున ఇసుక మూట వేడిచేసి నా చేతుల కింద పెట్టడం మాత్రం ఒక్కరోజూ మానలేదు. కోపం వేరు, మూట వేరు ఆమెకు. ఆమె పోయేదాకా ఆ మూట ఆమె పనే.

పొద్దున ఇంటిపని మెల్లగా మావారి చేతికి వెళ్లింది. నైట్ అవుట్ డ్యూటీ అయి ఏడింటికి ఇంటికొచ్చి, ఖాకీ చొక్కా విప్పకుండానే పాపను ముందు కూర్చోబెట్టుకుని జడ వేసేవారు. మొదట్లో పాయలు సమంగా వచ్చేవి కావు. టికెట్లు చించి, చిల్లర లెక్కపెట్టి అలవాటైన వేళ్లు కదా, తొందరగానే చెయ్యి తిరిగింది. రెండు జడలు, రిబ్బన్లు, మడిచి కట్టడం అన్నీ నేర్చుకున్నారు. వీధిలో ఆడవాళ్లు కిటికీలోంచి చూసి నవ్వుకునేవారు. ఆయన లెక్కచేయలేదు. డ్యూటీలో బయటి ఊళ్లలో ఉన్న రోజుల్లో పక్కింటి వదినగారి దగ్గరికి పంపేదాన్ని.

బొమ్మల సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు. పెద్ద చట్రం ముందు నిలబడితే పాదాలు మండేవి. భుజం ఎత్తితే దిగేది కాదు. సన్నటి కుంచె పట్టు చిక్కేది కాదు. మా ఆయన పాత కాటన్ చీర పేలికను కుంచె కర్రకు చుట్టి, పైన సైకిల్ ట్యూబు ముక్క తొడిగి లావుగా చేసిచ్చారు. పిడి లావుగా ఉంటే వేళ్లు పూర్తిగా ముడవక్కర్లేదు, కణుపుల మీద భారం తగ్గుతుంది. అది బాగా పనిచేసింది. ఇప్పటికీ నా కుంచెలన్నీ అలాగే ఉంటాయి. కానీ పిడి లావైనంత మాత్రాన గీత తిరిగి రాలేదు. వంపు తిప్పుతుంటే మధ్యలో మణికట్టు ఆగిపోయేది. తీగ వేయబోతే ముళ్లకంప వచ్చేది. 1995 అంతా అలాగే గడిచింది. ఆ ఏడాది నేను మనిషిని కాను.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరల అంచులకు గ్రాఫు గీసేవారు. ఆ పని చూస్తూ పెరిగినదాన్నే అయినా దాన్ని నేను బొమ్మల కింద ఎప్పుడూ లెక్కవేయలేదు. గ్రాఫు కాగితంలో నిలువు వరుస ఒక్కొక్కటీ పడుగులో ఒక పోగు, అడ్డం వరుస ఒక్కొక్కటీ ఒక పేక. ఎక్కడ జరీ పైకి కనిపించాలో అక్కడ గడి నింపుతారు. దాన్ని చూసి అట్టలు కొట్టేవాళ్లు ఆ గడి ఉన్నచోట అట్టకు రంధ్రం వేస్తారు. మగ్గం మీద బిగించే జకార్డు అనే యంత్రంలో రంధ్రం ఎదురైన కొక్కెం తన పోగును పైకి లేపుతుంది, రంధ్రం లేనిచోట పోగు కిందే ఉండిపోతుంది. వరుసకు ఒక అట్ట. అరచేతంత పువ్వుకు వందల అట్టలు దారంతో కుట్టి గొలుసులా వేలాడదీస్తారు. నాయన ఒక గడి తప్పు నింపితే ఆ తప్పు చీర పొడవునా ప్రతి పువ్వులోనూ నేసినవాడికి కనిపించేది. అందుకని ఆయన గీసేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు.

1996లో ఒకసారి మమ్మల్ని చూడటానికి వచ్చారు. పాత పంచెలో చుట్టిన కాగితాల కట్ట ఒకటి నా ముందు పెట్టారు. అన్నీ వాడని గ్రాఫు కాగితాలు. నా చేతులు పట్టుకుని తిప్పి చూశారు. అప్పటికే వేళ్లు కొద్దిగా చిటికెన వేలి వైపుకు వాలాయి.

"పాపా, పెద్ద గీత లాగలేవు. సరే. గడి నింపలేవా?" అన్నారు.

నేను మాట్లాడలేదు.

"దానికి బలంతో పనిలేదు, లెక్క ఉంటే చాలు. ఈ రోజు పది గడులు నింపి లేచిపోయినా రేపు పదకొండో గడి అక్కడే ఉంటుంది."

నా జబ్బు గురించి నాకు ఇంత పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు. తడి రంగు మనకోసం ఆగదు. ఆరిపోయేలోగా మనమే దాని వెంట పరుగెత్తాలి. గడి ఆగుతుంది. పావుగంట చేసి చెయ్యి వేడినీళ్లలో పెట్టుకుని మళ్లీ కూర్చోవచ్చు. మందు పడని వారమైతే అలాగే వదిలేసి మరో వారం అందుకోవచ్చు.

ఏమి గీయాలన్నది నాయన చెప్పలేదు. నాకే లేపాక్షి గుడి గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఆయన నన్ను అక్కడికి తీసుకెళ్లేవారు. హిందూపురంలో బస్సు మారి వెళ్లేవాళ్లం. ధర్మవరం చీరల అంచుల్లో లేపాక్షి పేరు చెప్పుకునే పువ్వులూ తీగలూ ఎన్నో ఉన్నాయి. లతామండపం స్తంభాల మీద చెక్కిన నమూనాలు ఒక్కో స్తంభానికి ఒక్కో రకంగా ఉంటాయి. నాయన వాటి ముందు కూర్చుని పెన్సిలుతో ఎత్తి రాసుకునేవారు. నాకు మాత్రం నాట్యమండపం కప్పు మీది బొమ్మలే ఇష్టం. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1530ల ప్రాంతంలో, విరూపణ్ణ కట్టించిన గుడి అది. సున్నపు పూత మీద కావి ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు ముఖ్యంగా. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం వరుసగా సాగుతాయి. అందరూ దేవుళ్ల ముఖాలు చూస్తారు. నేను నిలబడ్డ ఆడవాళ్ల చీరలు చూసేదాన్ని. గళ్లు, చారలు, చుక్కలు, పువ్వులు, ఒక చీరలాగా ఇంకోటి ఉండదు. ఐదువందల ఏళ్ల కిందట మన ఆడవాళ్లు ఏమి కట్టేవారో ఆ కప్పు మీద రాసి ఉంది.

1997లో వేసవి సెలవుల్లో ముగ్గురం వెళ్లాం. తల పైకెత్తి చూద్దామంటే మెడ సహకరించలేదు. ఈ జబ్బు మెడ పూసలనూ వదలదు. మావారు ఒక మూలగా చాప పరిచారు. వెల్లకిలా పడుకుని చూశాను. రాతి నేల చల్లగా ఉంది. పాప నా పక్కనే పడుకుని, ఏ చీరలో ఎన్ని చుక్కలున్నాయో వేలితో గాలిలో లెక్కపెట్టి చెప్పింది, నేను ఛాతీ మీద పెట్టుకున్న పుస్తకంలో రాసుకున్నాను. గుడి చూడటానికి వచ్చినవాళ్లు మమ్మల్ని తప్పించుకుని నడిచారు.

ఇంటికొచ్చి గ్రాఫు మీద పెట్టడం మొదలుపెట్టాను. వంపును గడుల్లోకి తేవడం ఎంత కష్టమో నాయన పని ఎందుకు అంత నిశ్శబ్దమో అప్పుడు తెలిసింది. తీగ వంపు మీద గడులు మెట్లు మెట్లుగా వస్తాయి. మెట్టు ఒక గడి ఎత్తు, మూడు గడుల పొడవు ఉంటే తీగ సోమరిగా పాకుతుంది. ఒకటికి రెండైతే చురుగ్గా లేస్తుంది. ఒకటికి ఒకటి వరుసగా వేస్తే వంపు పోయి వాలుగీత అయిపోతుంది. కాబట్టి మూడు, రెండు, రెండు, ఒకటి, రెండు, మూడు అని మార్చుకుంటూ పోవాలి. ఒక మొగ్గ కుదరడానికి నెల పట్టిన రోజులున్నాయి. నాయన 1999లో పోయేదాకా కాగితాలు పోస్టులో పంపేదాన్ని. తప్పున్న గడి మీద పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి తిరిగి పంపేవారు. వేరే మాట ఒక్కటీ రాసేవారు కాదు. ఆ కాగితాలన్నీ నా దగ్గర ఉన్నాయి.

పాప ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక పొద్దున గొడవైంది. ఆయన డ్యూటీలో ఉన్నారు, వదినగారు ఊరెళ్లారు. స్కూల్లో ఏదో ఉత్సవం, జడ బాగా వేయమంది. నా వల్ల కాలేదు. పాయ పట్టు జారిపోతోంది. దువ్వెన విసిరికొట్టి అంది, "నీకు బొమ్మలు వేయడానికి చేతులు వస్తాయి, నాకు జడ వేయడానికి రావా?"

జడ పొద్దున వేయాలి, బొమ్మ మధ్యాహ్నం వేసుకోవచ్చు. జవాబు అంతే. అదే చెప్పాను. తెల్లవారుజామున నా వేళ్లు నావి కావు, పన్నెండు తరువాత నావి. ఆదివారం మధ్యాహ్నం నువ్వు కూర్చుంటే ఎంత పొడుగు జడైనా వేస్తాను, స్కూలు ఆదివారం మధ్యాహ్నం ఉండదు కదా అన్నాను. పదమూడేళ్ల పిల్లకు అది జవాబులా వినిపించలేదు. జుట్టు విరబోసుకునే వెళ్లిపోయింది. ఇందులో తప్పు దానిది కాదు, నాది కూడా కాదని నేను గట్టిగా నమ్ముతాను. అయినా ఇంట్లో ఒకరికి బాకీ పడ్డానన్న సంగతి మాత్రం నిజం. ఆ బాకీ మరో విధంగా తీర్చవచ్చని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. పొద్దున ఏడు గంటల జడకు బదులు వేరే ఏదీ లేదు.

అందుకే ఉద్యోగం, ఇల్లు, కళ మూడింటినీ సమంగా నెట్టుకొచ్చిన ఆడవాళ్ల గురించి పత్రికల్లో చదివినప్పుడు నేను గంటల సంగతి వెతుకుతాను. పొద్దున ఐదింటికి ఆ ఇంట్లో పొయ్యి వెలిగించింది ఎవరు, బిడ్డకు గుండీలు పెట్టింది ఎవరు? అది రాయరు. పట్టుదల ఉంటే చాలునని రాస్తారు. నాకు పట్టుదల 1995లోనూ ఉంది, కానీ ఆ ఏడాది ఒక్క బొమ్మా లేదు.

ఉద్యోగం కూడా తన వంతు నష్టపోయింది. 2003లో ప్రమోషన్ వచ్చింది. పోస్టింగు జిల్లా చివరి మూలన. రోజూ బస్సులో నాలుగైదు గంటల ప్రయాణం, లేదంటే ఒంటరిగా గది తీసుకుని ఉండటం. గదిలో ఉంటే పొద్దున నాకు కుళాయి తిప్పేది ఎవరు? ప్రమోషన్ వదులుకుంటున్నట్టు రాసిచ్చాను. నా తరువాత చేరినవాళ్లు నాకు పై అధికారులయ్యారు. కొంచెం బాధపడ్డాను. చాలా మంది అనుకున్నంత బాధ మాత్రం కాదు.

2006లో మా జిల్లాను చికున్‌గున్యా ముంచెత్తింది. ఇంటికి ఇద్దరు, ముగ్గురు చొప్పున మంచాన పడ్డారు. జ్వరం తగ్గినా కీళ్లు వదల్లేదు. పొద్దున వీధిలోకి చూస్తే పాలకు వెళ్లేవాళ్లూ, కుళాయి దగ్గర బిందెలు పట్టేవాళ్లూ అందరూ గోడలు పట్టుకుని నడుస్తున్నారు. పక్కింటి వదినగారు చెంబు ఎత్తలేక ఏడ్చారు. "నువ్వు ఇన్నేళ్లు ఇలాగే ఉన్నావా?" అని నన్ను పట్టుకుని అడిగారు. మా ఆఫీసులో, మెట్లెక్కలేను సీటు కిందికి మార్చమని నేను పెట్టుకున్న అర్జీని పక్కన పడేసిన అధికారి ఒకరు ఉండేవారు. ఆయనకూ వచ్చింది. రెండు నెలల తరువాత సెలవు ముగించుకుని వచ్చిన మొదటి వారంలోనే నా సీటు కింది అంతస్తుకు మారింది. ఎవరి నొప్పి వాళ్లకు వస్తేనే తెలుస్తుందంటారు గానీ, తెలిశాక మరచిపోనివాళ్లు తక్కువ. ఆయన మరచిపోలేదు. ఆ విషయంలో ఆయన మీద నాకు గౌరవముంది.

కంప్యూటర్లు వచ్చాక ఆఫీసు పని తేలికైంది. పెన్ను గట్టిగా పట్టుకోవడం కంటే మీటలు నొక్కడం నయం. అదే కంప్యూటరు ధర్మవరంలో గ్రాఫు గీసే చేతులకు పని లేకుండా చేసింది. ఇప్పుడు డిజైన్లు తెర మీద వేస్తున్నారు. నాయన అది చూడకుండా పోయారు.

కీళ్ల కోసం మధ్యలో చేర్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మాత్ర నాకు బాగా పడింది. అది ఎక్కువ కాలం వాడితే రెటీనాకు దెబ్బ తగలవచ్చని ఏటా కంటి పరీక్ష చేయించుకోవాలి. వేళ్లు వంకరపోతాయన్నప్పుడు కలగని భయం నాకు ఆ పరీక్ష గదిలో కలిగేది. చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమంటారు. ఒక్క చుక్క తప్పిపోయిందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. 2020 మార్చిలో కరోనాకు అది మందని ప్రచారం జరిగి, అవసరం లేనివాళ్లు కూడా పెట్టెలకు పెట్టెలు కొని దాచుకున్నారు. మాబోటివాళ్లకు, లూపస్ అనే ఇలాంటి జబ్బే ఉన్నవాళ్లకు దుకాణాల్లో దొరకలేదు. లాక్‌డౌన్‌లో మా ఆయన మాస్కు కట్టుకుని ఊరంతా తిరిగి ఒక మాత్రల పట్టీ సంపాదించుకొచ్చారు. ఆ నెలలో సగం మోతాదుతో నెట్టుకొచ్చాను. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

మామూలుగా అయితే 2020లోనే రిటైర్ కావాల్సినదాన్ని. 2014లో వయసు 58 నుంచి 60కి పెంచారు, 2022 జనవరిలో 62 చేశారు. రెండోసారి పెంచినప్పుడు ఆఫీసులో మిఠాయిలు పంచుకున్నారు. నేను స్వచ్ఛందంగా తప్పుకుందామనుకున్నాను. అమ్మాయి పెళ్లి అప్పు, మందుల ఖర్చు లెక్కవేసి ఆగిపోయాను. ఆ ఏప్రిల్లోనే జిల్లా రెండైంది. ధర్మవరం, హిందూపురం, లేపాక్షి శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. నా పుట్టిల్లూ నా బొమ్మలూ ఒక జిల్లాలో, నా ఉద్యోగం ఇంకో జిల్లాలో మిగిలాయి. 2024లో బయటపడ్డాను.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం నాదే. లతామండపం స్తంభాల నమూనాలు ఒక్కొక్కటిగా గ్రాఫు మీదికి తెస్తున్నాను. నాయన కట్టలోని కాగితాలు ఇంకా ఉన్నాయి, అంచులు పసుపెక్కాయి అంతే. ధర్మవరంలో నాయనను ఎరిగిన ఒక నేతకారుడు వాటిని చూసి, ఒక తీగ అంచు నేస్తానన్నాడు. చేతిమగ్గం మీదే. తీరా కాగితం చేతికిచ్చాక లెక్కపెట్టి, "అక్కా, మా జకార్డుకు ఉన్నవి 240 కొక్కేలు. నీ తీగ అంతకు మించి పోతోంది, కుదించి ఇవ్వు" అన్నాడు.

అడ్డంలో గడులు తగ్గించాలంటే రెండు మొగ్గలు తీసేయక తప్పదు. కాగితాన్ని ఫొటో తీసి అమ్మాయికి పంపాను. కింది రెండూ తీసేయమంటోంది. అవి పోతే తీగకు ఆధారం ఉండదు, పైవే తీయాలని నేను. రంగు దగ్గరా మాకు పడటం లేదు. తనకు నేరేడుపండు రంగు కావాలట, లేపాక్షి బొమ్మల్లో లేని రంగు చీరలో ఎలా వేస్తామని నా వాదన. చీర కట్టుకునేది తనే కాబట్టి రంగు విషయంలో నేను తగ్గుతానేమో గానీ, మొగ్గల విషయంలో తగ్గను. శుక్రవారం పిల్లాడిని తీసుకుని వస్తోంది. భోజనాలయ్యాక కాగితం ముందేసుకుని కూర్చుంటాం.